తొక్కు, పట్టుకో

కోయ్‌తెజెక్ కనుమ దిగుతుండగా
మబాత్‌షో మామ కాలి కింద పెడలు
ఊబిలో అడుగేసినట్టు మెత్తగా దిగిపోయింది.
ఆయన కేకెయ్యలేదు.
మూడో గేరు, రెండో గేరు,
ఇంజను గొంతు చించుకుంటుంటే
కొండవాలు గులకకుప్పలోకి
గాజ్ లారీ ముక్కు గుచ్చాడు.
వెనక పిండిబస్తాలు ఒకదానిమీదొకటి మూలిగాయి.

దిగి చేసిన మొదటి పని
నాలుగు చక్రాలకీ నాలుగు రాళ్లు.
రెండో పని, టీ.
"వణికే చేతికి ఏ మరా లొంగదురా" అని
గ్లాసులో ఆవిరి చల్లారేదాకా కూచున్నాడు.
నాకు మాత్రం ఇంకా కిందికి జారుతున్నట్టే ఉంది.

ఎడమ వెనక చక్రం దగ్గర
ఇరుసుకు రాసుకుని రాసుకుని
గొట్టం చిల్లిపడింది.
ఆవగింజంత చిల్లు.
నాలుగు టన్నుల పిండినీ ముగ్గురు మనుషులనీ
ఆపాల్సిన బలం అందులోంచే కారిపోయి
దుమ్ములో ఎర్రటి మరకైంది.

సుత్తి, పట్టకారు, పది నంబరు పానా,
పిడి విరిగిన స్క్రూడ్రైవరు,
ఖాళీ ఫాంటా సీసా, జానెడు రబ్బరు గొట్టం.
మిగతా సామానంతా ఖొరోగ్‌లో ఉంది.
ఖొరోగ్ ఒక పగటి దూరంలో ఉంది.

గొట్టాన్ని కోశాడు.
కొసను రెండు మడతలు పెట్టి
రాతిమీద సుత్తితో రొట్టెలా పలచన చేశాడు.
"ఈ చక్రానికి ఇవాళ సెలవు.
మిగిలిన మూడూ కష్టపడతాయి."

అప్పుడు నూనె డబ్బా వంచి చూశాం.
అడుగున ఒక గుటక.
నీళ్లు పోద్దామా అన్నాను.
ఆయన నన్ను చూసిన చూపు
ఇప్పటికీ నీళ్లు తాగేటప్పుడు గుర్తొస్తుంది.

మాతో వస్తున్న షిరిన్‌బెక్ పశువుల కాంపౌండరు.
మబాత్‌షో మామ అతని పెట్టెకేసి తల తిప్పాడు:
"కడుపుబ్బరానికి ఆవులకేం పోస్తావు?"
"ఆముదం."
"సూదులు దేంతో తుడుస్తావు?"
"స్పిరిట్... అయితే ఏం?"
"మా నాన్న బండిలో బ్రేకు నూనె అంటే ఆ రెండే."

పెట్టె మూత మీద చెయ్యి వేసుకుని
షిరిన్‌బెక్ చాలాసేపు లోయకేసి చూశాడు.
తర్వాత చెయ్యి తీశాడు.

సగం ఇదీ సగం అదీ
ఫాంటా సీసాలో కలిపి ఊపితే
కొండగాలిలో బాలింత గది వాసన.

ఇక నా వంతు.
నేను పైన, పెడలు మీద.
ఆయన కింద, గొంతు మాత్రమే.

తొక్కు.
తొక్కాను.
పట్టుకో.
పట్టుకున్నాను.
పానా కిర్రుమంది, నా కాలు నేలదాకా పోయింది.
వదలకు!
వదల్లేదు.
బిగించాను, ఇప్పుడు వదులు.

నాలుగువేల మీటర్ల ఎత్తున
మాకే పీల్చుకోను చాలని గాలి
ఆ సన్నటి గొట్టంలోకి మాత్రం ఎలా దూరిందో,
సీసాలో బుడగలు బుడగలు.
తొక్కు. పట్టుకో.
పొద్దు ఎదురు కొండ దాటింది.
నా పిక్క రాయైంది.
తొక్కు. పట్టుకో.
ఎన్నోసారో లెక్క తప్పాక
పెడలు సగంలోనే ఆగి
నా పాదాన్ని వెనక్కి నెట్టింది,
కింద ఎవరో ఉన్నట్టు.

మామా, అన్నాను.
తెలిసింది, అంది గొంతు.

రాళ్లు తీసే ముందు
షిరిన్‌బెక్ తన రిజిస్టరు తెరిచాడు,
మందు ఖర్చుకి లెక్క చూపాలి కదా.
రోగి: లారీ ఒకటి.
వయసు: తెలియదు.
లక్షణం: నిలవలేకపోవడం.
సంతకం కోసం మామ చెయ్యి చాపితే
కాగితమ్మీద నల్లటి బొటనవేలు పడింది.

జెలొందీ దాకా రెండో గేరులోనే దిగాం.
ఒక్కొక్క మలుపు దగ్గరా
ముగ్గురం మాట ఆపేవాళ్లం,
మలుపు దాటాక
ఆపిన చోటినుంచి మొదలుపెట్టేవాళ్లం.

కొత్త గొట్టం కొనాలి కొనాలి అంటూనే
రెండు చలికాలాలు వెళ్లాయి.
బ్రేకు వేస్తే ఆ బండి
ఇప్పటికీ రవ్వంత కుడికి లాగుతుంది.
ఎవరికైనా తాళాలిస్తే
మామ ఇంకేమీ చెప్పడు,
"కాస్త ఎడమకి పట్టుకో" అంటాడు.